గడువు చీటీ వేసి ఇచ్చే శిక్షణ: తిరుపతిలో ఒక పాఠశాల గ్రంథాలయ సేవపై సమీక్ష

తిరుపతి శివార్లలోని ఒక సీబీఎస్‌ఈ పాఠశాలలో నేను 9 ఏళ్లుగా సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా గ్రంథపాలకురాలు రెండేళ్ల క్రితం ఉపాధ్యాయుల కోసం మొదలుపెట్టిన ఒక సేవ గురించి ఇక్కడ రాస్తున్నాను. తరగతి బోధనకు పనికివచ్చే చిన్న చిన్న శిక్షణ పాఠాలను ఆవిడ స్వయంగా తయారుచేసి గ్రంథాలయంలో ఉంచుతారు. ఉపాధ్యాయులు వాటిని పుస్తకాల్లాగే ఇంటికి తీసుకువెళ్లి, తమకు కుదిరినప్పుడు చదువుకుని, తరగతిలో ఒకసారి ప్రయత్నించి చూసి, తిరిగి అప్పగించాలి. ఒక్కో పాఠానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ఇప్పటికి ఇలాంటివి 14 ఉన్నాయి. వాటిలో 9 నేను పూర్తిచేశాను, 2 మధ్యలో వదిలేశాను, మిగిలిన 3 నా సబ్జెక్టుకు సంబంధించినవి కావు. పాఠశాల పేరు చెప్పకపోవడానికి కారణం ఒక్కటే: మంచితో పాటు లోపాలు కూడా రాయబోతున్నాను, జీతం ఇంకా అక్కడే తీసుకుంటున్నాను.

ఈ సేవ విలువ తెలియాలంటే అంతకుముందు మాకు దొరికిన శిక్షణ ఎలా ఉండేదో కొంత చెప్పాలి. ఏటా వేసవి సెలవుల చివర ఒక ఆదివారం, ఎక్కడి నుంచో వచ్చిన వక్త ఒకరు ఆరు గంటల పాటు తెరమీద బొమ్మలు చూపించేవారు. ఒకటో తరగతికి అక్షరాలు నేర్పే ఆమెకూ, పదో తరగతికి త్రికోణమితి చెప్పే ఆయనకూ అదే ఉపన్యాసం, అదే సమోసా. ఆ తరువాత ఆన్‌లైన్ కోర్సులు వచ్చాయి. వాటిలో కొన్ని నిజంగా మంచివి. అయితే వీడియో చివరిదాకా నడిస్తే చాలు, ధ్రువపత్రం వచ్చే ఏర్పాటు ఉన్నప్పుడు ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఫోన్‌ను పక్కన నడవనిచ్చి అలాంటి పత్రాలు రెండు నేనే సంపాదించాను. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని చెప్పింది. సీబీఎస్‌ఈ పాఠశాలల్లో ఇందులో సగం బోర్డు లేదా ప్రభుత్వ శిక్షణ సంస్థల ద్వారా, మిగిలిన సగం పాఠశాలలోనే లేదా చుట్టుపక్కల పాఠశాలలతో కలిసి పూర్తిచేయాలి. పాఠశాలలో జరగవలసిన ఆ 25 గంటలను నింపడానికి యాజమాన్యాలు ఎన్ని తిప్పలు పడతాయో ఈ ఊళ్లో పనిచేసే ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మా గ్రంథాలయంలో ఈ పాఠాలు అట్ట ఫైళ్ల రూపంలో ఉంటాయి. ఒక్కో ఫైలులో నాలుగైదు పేజీల వివరణ, ఒకటి రెండు వ్యాసాలు, వీడియో చూడాలనుకునేవారికి క్యూఆర్ కోడ్, చేయవలసిన పని రాసిన ఒక కాగితం, ఆ విషయానికే సంబంధించిన పుస్తకం ఒకటి గ్రంథాలయంలో ఎక్కడుందో తెలిపే సంఖ్య ఉంటాయి. శిక్షణ ఫైళ్లన్నీ ఒకచోట పేర్చిపెట్టకుండా, ఏ ఫైలును ఆ సబ్జెక్టు పుస్తకాల పక్కనే ఉంచడం ఆవిడ చేసిన తెలివైన పని. పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలిచ్చే డ్యూయీ వర్గీకరణలో విద్యాశాస్త్రం సంఖ్య 370. కానీ చరిత్ర బోధనకు సంబంధించిన ఫైలు 907 దగ్గర, మేము ఎలాగూ పుస్తకాల కోసం వెళ్లే బీరువాలోనే కనిపిస్తుంది. శిక్షణ కోసం ప్రత్యేకంగా వెళ్లిన వారికంటే, పుస్తకం కోసం వెళ్లి ఫైలుతో బయటికి వచ్చినవారే మా స్టాఫ్‌రూమ్‌లో ఎక్కువ.

ఫైలు తీసుకునేటప్పుడు రిజిస్టరులో సంతకం పెట్టాలి. లోపలి అట్టకు అంటించిన చీటీ మీద 21 రోజుల గడువు ముద్ర పడుతుంది. అవసరమైతే రెండుసార్లు పొడిగించుకోవచ్చు, మూడోసారి లేదు. తిరిగి ఇచ్చేటప్పుడు ఫైలుతో పాటు అర పేజీ రాసి ఇవ్వాలి. ఏ తరగతిలో ఏం ప్రయత్నించారు, ఏమైంది, మళ్లీ చేస్తారా, అన్న ఈ మూడు విషయాలు అందులో ఉంటే చాలు. పరీక్ష లేదు, మార్కులు లేవు. అర పేజీ రాయనివారికి మరో ఫైలు ఇవ్వరు. గడువు దాటితే జరిమానా కూడా లేదు గాని, వరండాలో ఎదురైనప్పుడు ఆవిడ పలకరింపు ఉంటుంది: "ఏం మేడమ్, ఆ ఫైలు తెచ్చిస్తారా, ఇంకో మూడు వారాలు రాసేదా?" ఆ పలకరింపులో కోపం ఉండదు. అయినా దాని పుణ్యాన నేను పూర్తిచేసిన ఫైళ్లు కనీసం నాలుగు ఉన్నాయి.

నా దృష్టిలో ఈ సేవ బలమంతా ఆ గడువు చీటీలోనే ఉంది. ఎవరి వీలును బట్టి వారు నేర్చుకోవచ్చునంటే వినడానికి హాయిగానే ఉంటుంది. అయితే వారానికి 30 పీరియడ్లు, వాటిపైన ఖాళీ పీరియడ్లలో సెలవుపెట్టినవారి తరగతులు, దిద్దవలసిన కాపీలు, తల్లిదండ్రుల ఫోన్లు ఉన్న మనిషికి ఆ వీలు తనంతట తాను చిక్కదు. ఆన్‌లైన్ కోర్సులో పేరు నమోదు చేసుకుని మొదటి భాగం దగ్గరే ఆగిపోయినవారు మా పాఠశాలలోనే డజను మంది ఉంటారు. గ్రంథాలయానికి మాత్రం ఈ సమస్య కొత్తది కాదు. పుస్తకాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎంత వేగంగా చదువుకోవాలన్నది పాఠకుడి ఇష్టానికే వదిలి, తిరిగి ఇచ్చే తేదీని మాత్రం తన చేతిలో ఉంచుకోవడం గ్రంథాలయాలు ఎన్నడో నేర్చుకున్న పద్ధతి. ఆవిడ దానినే ఉపాధ్యాయ శిక్షణకు వాడుకున్నారు.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, అమెరికాలోని నార్త్ కరోలినాలో, షార్లెట్, మెక్లెన్‌బర్గ్ కౌంటీ ప్రజా గ్రంథాలయంలో 2006లో హెలెన్ బ్లోవర్స్ అనే గ్రంథాలయాధికారి నడిపిన ఒక కార్యక్రమాన్ని ఆవిడ ప్రస్తావించారు. అక్కడి సిబ్బంది కొత్త ఇంటర్నెట్ సాధనాలను తమంతట తాము నేర్చుకోవడానికి 23 చిన్న పనులు రూపొందించి, వాటికి '23 థింగ్స్' అని పేరు పెట్టి, గడువులోగా పూర్తిచేసినవారికి ఎంపీ3 ప్లేయర్ బహుమతిగా ఇచ్చారు. ఆ నమూనాను తరువాత అనేక దేశాల గ్రంథాలయాలు తమకు తగినట్లు మార్చుకున్నాయి. మా దగ్గర బహుమతి అంత ఘనమైనది కాదు. మూడు ఫైళ్లు పూర్తిచేసిన ఉపాధ్యాయులకు ఒకేసారి రెండు పుస్తకాలు అదనంగా ఇస్తారు. నాకు అదే నచ్చింది.

14 ఫైళ్లలో అన్నిటికంటే మంచిది, ఇంటర్నెట్‌లో దొరికిన సమాచారాన్ని నిర్ధారించుకునే పద్ధతి మీద తయారుచేసినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, శారా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన అధ్యయనం దీనికి ఆధారం. వారు చరిత్రకారులను, విశ్వవిద్యాలయ విద్యార్థులను, వార్తల నిజానిజాలు తేల్చే వృత్తి నిపుణులను, మొత్తం 45 మందిని కూర్చోబెట్టి, కొన్ని వెబ్‌సైట్లను అంచనా వేయమన్నారు. చదువుకున్న చరిత్రకారుల్లో కూడా చాలామంది ఇచ్చిన పేజీలోనే ఉండిపోయి, దాని రూపాన్ని, ముద్రను చూసి మోసపోయారు. నిజానిజాలు తేల్చేవారు మాత్రం ఆ పేజీని వెంటనే వదిలేసి, దాని గురించి ఇతరులు ఏమంటున్నారో పక్క ట్యాబులు తెరిచి చూశారు. పేజీలోకి లోతుగా పోవడానికి ముందు పక్కకు చూడాలన్నది ఈ ఫైలు నేర్పే విషయం.

ఇంతవరకు ఎక్కడైనా దొరికే పాఠమే. దానిని మా ఊరికి తెచ్చిన తీరులో గ్రంథపాలకురాలి పనితనం కనిపిస్తుంది. ఫైలులోని పని ఇది: మద్రాసు నగరానికి మూలమైన భూమిని ఆంగ్లేయులకు ఇచ్చిన ఒప్పందం చంద్రగిరి కోటలోనే జరిగిందనే మాట ఈ ప్రాంతంలో పిల్లలందరూ వినే ఉంటారు, దానికి ఆధారం ఏమిటో పిల్లలతోనే వెతికించండి. నేను దీనిని తొమ్మిదో తరగతిలో కంప్యూటర్ గదిలో చేయించాను. 1639 అనే సంవత్సరం దగ్గర అన్ని పేజీలూ కలిశాయి, ఆంగ్లేయుల తరఫున నడిపినది ఫ్రాన్సిస్ డే అన్న దగ్గరా కలిశాయి. ఇచ్చినవారు ఎవరన్న దగ్గర విడిపోయాయి. కొన్ని పేజీలు చంద్రగిరి రాయలని రాస్తే, కొన్ని ఆయనకు లోబడి ఆ తీరాన్ని పాలించిన దామర్ల వెంకటాద్రి నాయకుడని రాశాయి, మరికొన్ని అదే నాయకుణ్ని వెంకటప్ప అన్నాయి. పిల్లలు బోర్డు మీద మూడు నిలువు గీతలు గీసి, ఎవరు ఏమన్నారో, ఎవరి మాటకు కింద ఆధారం చూపించారో రాసుకున్నారు. ఆధారం చూపని పేజీలే ఎక్కువ గట్టిగా చెబుతున్నాయని ఒక అమ్మాయి గమనించింది. నేను ఆ మాట చెప్పాలనుకుని, చెప్పకుండా ఆగి, ఆమె నోట విన్నాను.

అక్కడే ఇంకొకటి కూడా తెలిసింది. పాత పుస్తకాల స్కాన్ ప్రతుల్లో 'చిత్తూరు జిల్లా' అని వెతికితే పిల్లలకు ఏమీ దొరకలేదు. గ్రంథపాలకురాలు వచ్చి, 1911కు ముందు చిత్తూరు జిల్లాయే లేదని, చంద్రగిరి అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేదని, కాబట్టి 19వ శతాబ్దపు పుస్తకాలను ఆ పేరుతోనే వెతకాలని చెప్పారు. 2022 ఏప్రిల్ 4 నుంచి అదే చంద్రగిరి తిరుపతి జిల్లాలో ఉంది. కోట ఎక్కడికీ కదలకుండానే మూడు జిల్లాల పేర్ల కింద నమోదై ఉంటుందన్న సంగతి, సాంఘిక శాస్త్రం చెప్పే నాకు తెలియనిది కాదు. కానీ దానిని వెతుకులాటలో ఒక మెట్టుగా వాడుకోవాలని నాకు ఎన్నడూ తోచలేదు. సబ్జెక్టు తెలిసిన ఉపాధ్యాయుడికి గ్రంథపాలకులు నేర్పగలిగేది ఏమిటని మా స్టాఫ్‌రూమ్‌లో మొదట్లో వినిపించిన ప్రశ్నకు నాకు ఆ రోజే సమాధానం దొరికింది.

కాపీరైటు మీద ఉన్న ఫైలు చిన్నదైనా చాలా ఉపయోగపడింది. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్, బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ఒక రచనను నకలు తీసుకోవడాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి జిరాక్స్ దుకాణంపై ప్రచురణ సంస్థలు వేసిన దావాను 2016లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసిన తీర్పును కూడా ఫైలులో వివరించారు. తరగతికి అవసరమైన నాలుగు పేజీలు జిరాక్స్ తీయడానికి భయపడేవారికి ఇది ధైర్యమిచ్చింది. అదే ఫైలు, మొత్తం గైడును పీడీఎఫ్ చేసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం బోధన కిందికి రాదని హెచ్చరించింది కూడా. ఈ రెండో భాగం చదివాక మా సహోద్యోగులు కొందరు కొన్ని సందేశాలను తొలగించిన మాట నిజం.

పాఠశాల విద్య కోసం ప్రభుత్వం నడిపే దీక్షా ఆన్‌లైన్ వేదికలోను, ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయంలోను కావలసినదాన్ని వెతికే పద్ధతి, చిన్న తరగతుల్లో పుస్తకం గట్టిగా చదివి వినిపించే తీరు, మార్కుల పట్టికలు కంప్యూటర్‌లో వేసుకోవడం, వీటి మీద ఉన్న ఫైళ్లు బాగానే ఉన్నాయి, అంతకంటే చెప్పవలసింది లేదు. నేను వదిలేసిన రెండింటిలో ఒకటి కృత్రిమ మేధ సాధనాల మీద తయారుచేసినది. అందులో ముద్రించిన తెరల బొమ్మలకూ, నా ఫోన్‌లో కనిపించినదానికీ ఆరు నెలల్లోనే పోలిక లేకుండా పోయింది. కాగితం మీద శిక్షణ ఇచ్చేవారికి ఈ ఇబ్బంది తప్పదు. ఆవిడ కూడా దానిని ఒప్పుకుని, ఆ ఫైలును ప్రస్తుతానికి వెనక్కి తీసుకున్నారు. రెండోది కేవలం నా బద్ధకం.

లోపాల్లో మొదటిది భాష. 14 ఫైళ్లలో తెలుగులో ఉన్నవి 3 మాత్రమే. మిగిలినవన్నీ ఇంగ్లీషులో ఉండటమే కాక, వాటిలోని ఉదాహరణలు కూడా చాలాచోట్ల పరాయి తరగతి గదులవే. 20 మంది పిల్లలు వలయాకారంలో కూర్చునే గదికి రాసిన కార్యక్రమం, 42 మంది బల్లల మధ్య ఇరుక్కుని కూర్చునే గదిలో నడవదు. 26 ఏళ్ల అనుభవం ఉన్న మా తెలుగు పండితులు ఒక ఫైలు తిరిగి ఇస్తూ తన అర పేజీలో ఇదంతా సూటిగా రాశారు. గ్రంథపాలకురాలు నొచ్చుకోకుండా, పద్యాన్ని రాగయుక్తంగా చదివించి ఆపైన అర్థానికి వెళ్లే ఆయన పద్ధతినే ఒక ఫైలుగా రాసిపెట్టమని అడిగారు. ఆయన రాశారు. తెలుగులో ఉన్న మూడింటిలో అది ఒకటి, పొడిగింపులు ఎక్కువగా పడేది కూడా దానికే. అయితే ఇలా రాసే ఉపాధ్యాయులు ఇంకో నలుగురైనా ముందుకు రాకపోతే ఈ లోపం తీరదు.

రెండోది, ఇదంతా ఒక్క మనిషి మీద నడుస్తోంది. ప్రతి సెక్షన్‌కూ వారానికి ఒక లైబ్రరీ పీరియడ్, జూన్‌లో పాఠ్యపుస్తకాల పంపిణీ, పరీక్షల రోజుల్లో ఇన్విజిలేషన్, వీటన్నిటి మధ్య ఆవిడ మా అర పేజీలు చదివి జవాబు రాయాలి. జవాబు రాసినప్పుడు అది విలువైనదే. కానీ నేను డిసెంబరులో ఇచ్చిన కాగితానికి జవాబు అందేసరికి ఐదు వారాలు గడిచి, ఆ పాఠ్యాంశమే అయిపోయింది. గ్రంథాలయం వేళలు కూడా ఇబ్బందే. సాయంత్రం 4:30కు మూసివేస్తారు. పుత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో వచ్చి వెళ్లే ఉపాధ్యాయులు చివరి గంట కొట్టగానే బస్సుకు పరుగెత్తాలి. ఫైలు ఇంటికి ఇస్తారు గాని, దానితో చదవవలసిన పుస్తకం రిఫరెన్సు విభాగానిదైతే బయటికి ఇవ్వరు. ఆ మేరకు, వీలును బట్టి నేర్చుకోవడమన్నది దగ్గర్లో ఉండే మాలాంటివారికే దక్కుతోంది.

మూడోది గంటల లెక్క. ఇంట్లో రాత్రి పదింటికి చదివిన రెండు గంటలను ఎవరు ధ్రువీకరించాలి? మొదటి ఏడాది నా లెక్కలో 14 గంటలు అయితే, పాఠశాల రికార్డులో 6 పడ్డాయి. దీనికి పరిష్కారమంటూ యాజమాన్యం, శనివారం మధ్యాహ్నం అందరూ గ్రంథాలయంలో కూర్చుని, వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసి సంతకం పెట్టాలని నిబంధన పెట్టింది. రెండు నెలల పాటు పూర్తయిన ఫైళ్ల సంఖ్య బాగా పెరిగింది. అర పేజీలు మాత్రం పాడయ్యాయి. తరగతిలో ప్రయత్నించకుండానే ప్రయత్నించినట్లు రాయడం, ఒకరిది చూసి ఒకరు రాయడం మొదలైంది. గణితం, హిందీ చెప్పే ఇద్దరు అక్షరం తేడా లేకుండా ఇచ్చిన రెండు కాగితాలను గ్రంథపాలకురాలు ప్రిన్సిపాల్ బల్ల మీద పక్కపక్కనే పెట్టారట. ఆ నిబంధన మరుసటి వారం నుంచి లేదు. ఇప్పుడు ప్రతి ఫైలు అట్ట మీద దానికి ఎన్ని గంటలో ముందే ముద్రించి ఉంటుంది. అర పేజీని ఆవిడ చదివి ఒప్పుకుంటే అన్ని గంటలూ రికార్డులో పడతాయి. మూడు గంటల ఫైలును నేను ఐదు గంటలు చదివినా మూడే పడతాయి, దానికి నాకు అభ్యంతరం లేదు.

కనీసం రెండు మూడేళ్లు తరగతి నడిపినవారికి ఈ సేవను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి మాత్రం ఇది ఒక్కటే సరిపోదు. నిరుడు చేరిన భౌతిక శాస్త్రం ఉపాధ్యాయుడు, ప్రశ్న అడిగి కొన్ని క్షణాలు మౌనంగా ఆగే పద్ధతి మీద ఫైలు తీసుకుని శ్రద్ధగా చదివి తరగతిలో చేసి చూశాడు. ఆ మౌనంలో క్లాసు గోలగోలయింది. తప్పు ఎక్కడ జరిగిందో కాగితం చెప్పలేదు, ఎవరో ఒకరు వెనుక బెంచీలో కూర్చుని చూడాలి. నా ఖాళీ పీరియడ్‌లో నేను వెళ్లి కూర్చున్నాను. అతను ప్రశ్న అడిగి ఆగుతున్నాడు గాని, ఆగిన ఆ క్షణంలోనే బోర్డు వైపు తిరుగుతున్నాడు. అలాంటి పరిశీలనకు ఈ సేవలో ఇంకా చోటు లేదు.

తమ పాఠశాలలో ఇలాంటిది పెట్టాలనుకునేవారు యాప్ కోసం, బడ్జెట్ కోసం ఎదురుచూడనక్కరలేదు. ఫైళ్లు, జిరాక్సులు, గడువు ముద్ర, ఇంతే ఖర్చు. మావాళ్లు మూడు ఫైళ్లతో మొదలుపెట్టారు. కావలసినది గ్రంథపాలకులు. మన జిల్లాల్లో చాలా ప్రైవేటు పాఠశాలల్లో ఆ పోస్టే ఉండదు, బీరువా తాళం ఏ ఇంగ్లీషు టీచరు దగ్గరో ఉంటుంది. ఆ టీచరుకు వారానికి నాలుగు పీరియడ్లు తగ్గించి ఈ పని అప్పగించినా కొంతవరకు సాగుతుంది. మా పాఠశాల విషయానికొస్తే, వచ్చే జూన్ నుంచి వారంలో రెండు రోజులు గ్రంథాలయం 5:30 దాకా తెరిచి ఉంచుతామన్నారు. రిఫరెన్సు పుస్తకాల్లో ఫైలుకు అవసరమైన పేజీలను నకలు తీసి జతపరచమని నేను నా చివరి అర పేజీలో రాశాను. జవాబు ఇంకా రావలసి ఉంది.